గిడ్డయ్య వినలేదు

కిందటి వారం జ్యోత్స్నను ఆదోని కోర్టు వరండాలో వదిలిపెట్టాం. టీ తెచ్చే మనిషి చేతిలోంచి స్టీలు ప్లేటు జారి బండల మీద ఖంగున పడింది. బెంచీ మీద కునుకు తీస్తున్న ముసలి ప్లీడరు కూడా ఉలిక్కిపడి లేచాడు. ఇద్దరు కానిస్టేబుళ్ల నడుమ గోడకు ఆనుకుని ఉన్న గిడ్డయ్య మాత్రం తల తిప్పలేదు. ఎదురుగా ఎండలో నిలబెట్టిన స్కూటర్ల వైపే చూస్తూ ఉండిపోయాడు.

గిడ్డయ్య మీద ఉన్నది చిన్న కేసు కాదు. అతను ఆదోనిలో పత్తి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ట్రాక్టరు డ్రైవరు. ముప్పై ఎనిమిది రోజుల కిందట పత్తి కుప్ప దగ్గరికి బండిని వెనక్కి పోనిస్తూ పార్వతమ్మ అనే కూలీని తొక్కించాడు. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. చూసినవాళ్లు నలుగురు, నలుగురిదీ ఒకే మాట. ఆపు ఆపు అని అరిచాం, పార్వతమ్మ కూడా అరిచింది, అతను వినలేదు. ముందురోజు సాయంత్రం ఇద్దరికీ పదిమందిలో గొడవైంది. 'రేపు నిన్ను చూసుకుంటా' అని గిడ్డయ్య బెదిరించాడని కూడా కాగితాలకెక్కింది. ప్రమాదం కావలసింది హత్య అయి కూర్చుంది.

ఇటువంటి వాళ్ల కోసమే కోర్టు ఆవరణలో ఒక మూల గదిలో ఉచిత న్యాయ సహాయం ఆఫీసు ఉంది. వకీలును పెట్టుకోలేని ముద్దాయిలకు సర్కారే పెట్టే వకీలు మల్లికార్జున. కోర్టులో లేచి మాట్లాడేది ఆయన. అంతకు ముందు జరగాల్సినదంతా జ్యోత్స్న పని. జైలుకు పోయి లోపలున్న మనిషి మాట వినాలి. ఇంటికి పోయి అతని వాళ్లకు సంగతి చెప్పాలి. జామీను ఉండేవాళ్లను వెతకాలి. అతనెవరో, ఏం చేస్తాడో, ఏం పోగొట్టుకున్నాడో వకీలుకు తెలియజెయ్యాలి. నందవరంలో పత్తి ఏరుకుని బతికే ఇంట్లో పుట్టి, డిగ్రీ చదివి, మూడేళ్ల కిందట ఈ పనిలో చేరింది. వినడమే తన ఉద్యోగమని అడిగినవాళ్లకు చెప్పేది. అటువంటిది నెల పైబడి గిడ్డయ్యకు ఎదురుగా కూర్చుంటూ ఇంత సంగతి తనకు పట్టలేదేమని వరండాలో ప్లేటు పడిన నిన్నటి నుంచి ఆమెకు ఒక చోట కాలు నిలవడం లేదు.

శనివారం పొద్దున పదింటికే సబ్‌జైలు రిజిస్టరులో సంతకం పెట్టింది. సోమవారం బెయిలు పిటిషను విచారణకు వస్తుంది. మధ్యలో ఉన్నది ఒక్క ఆదివారం.

"ఈయప్ప ఏమడిగినా తల ఊపుతాడు తల్లీ. నీకు టైం దండగ" అన్నాడు వార్డరు గోవిందన్న, గిడ్డయ్యను తెచ్చి బెంచీ మీద కూర్చోబెడుతూ.

గిడ్డయ్యకు నలభై ఆరేళ్లు. వెడల్పాటి భుజాలు, స్టీరింగు పట్టీ పట్టీ గట్టిపడిన అరచేతులు. జ్యోత్స్న బల్ల మీద ఫైలు తెరిచి, తల వంచి, ఏదో రాసుకుంటున్నట్టు పెన్ను కదిలించింది. మొహం కనిపించకుండా చూసుకుని అడిగింది.

"గిడ్డయ్యన్నా, హంపమ్మక్క వచ్చి గేటు బయట నిలబడింది. పిలవమంటావా?"

జవాబు లేదు. తలెత్తకుండానే ఇంకాస్త గట్టిగా మళ్లీ అడిగింది. గోవిందన్న నిజమే అనుకుని గేటు వైపు తొంగి చూశాడు. భార్య మొహం చూసి నెల దాటిన గిడ్డయ్య మాత్రం, కదులుతున్న పెన్ను వైపు చూస్తూ అట్లాగే కూర్చున్నాడు. జ్యోత్స్నకు సిగ్గనిపించింది. లేని భార్యను గేటు దగ్గర నిలబెట్టి మనిషిని పరీక్ష పెట్టడం ఆమెకు చేతకాని పని. కానీ మొదలుపెట్టింది, మధ్యలో ఆపలేదు. తలెత్తి అతని కళ్లలోకి చూస్తూ, గొంతు పెగల్చకుండా పెదవులు మాత్రమే కదిలించింది. నీళ్లు తాగుతావా?

"వద్దులేమ్మా, ఇప్పుడే తాగినా" అన్నాడు గిడ్డయ్య.

గోవిందన్న ఇటు తిరిగాడు. "ఏం వద్దంటాండాడు? నువ్వేమీ అడగలేదు గదమ్మా."

గిడ్డయ్య ఆయన మొహం చూశాడు, తర్వాత జ్యోత్స్న మొహం చూశాడు. ఏం జరిగిందో అర్థమైంది. బల్ల మీదున్న చేతులు మెల్లగా కిందికి జారాయి.

"గోవిందన్నా, వకీలు సారు తరఫున మాట్లాడేది ఉంది. కొంచెం దూరంగా ఉంటావా" అంది జ్యోత్స్న. ఆయన ఇద్దరినీ ఒకసారి ఎగాదిగా చూసి, గేటు దాకా పోయి అటు తిరిగి నిలబడ్డాడు.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంది?"

"చెవులు."

"ఎడమది పోయి ఆరేండ్లు. కుడిది రెండేండ్ల కింద పోయింది. ఇప్పుడు ఉరుమూ తెలీదు. కాళ్ల కింద నేల అదిరితే మిసన్ తిరుగుతాండాదని తెలుస్తాది, అంతే."

"మిల్లులో ఇంతమందికి ఎట్లా తెలీలేదన్నా?"

"జిన్నింగు మిసన్లకాడ ఎవురికి ఇనపడుతాదమ్మా? అందురం నోళ్లు సూసే మాట్లాడుకుంటాం, సేతులతో సైగ సేసుకుంటాం. ఆడ అందురూ నా మాదిరే."

జ్యోత్స్న అతనికి పెదవులు బాగా కనిపించేలా కాస్త ముందుకు వంగింది. అప్రయత్నంగా గొంతు కూడా తగ్గించింది. "అన్నా, ఇది జడ్జికి చెప్తే కేసే మారిపోతుంది. నలుగురు సాక్షులూ చెప్పిందల్లా నువ్వు వినలేదనే గదా. వినపడనివాడు ఆగలేదంటే అది పగ ఎట్లా అవుతుంది? సారు సోమవారమే అడుగుతాడు, పెద్దాసుపత్రిలో చెవులు పరీక్ష చేయించమని. హత్య అనే మాట నిలబడదు."

"సెప్పొద్దు."

"లైసెన్సు పోతుందనా?"

"ఇంక లైసెన్సు ఎవురిక్కావాలమ్మా. మల్ల స్టీరింగు ముట్టుకుంటానా నేను." గిడ్డయ్య గొంతు ఎంత పెద్దగా ఉందో అతనికి తెలియదు. గోవిందన్న అటు తిరిగే ఉన్నాడు కానీ అతని మెడ బిగిసింది. "పగబట్టి సంపినానంటాండారు. అది అబద్దం. జైల్లో పండుకుని నేను సంపలేదు, సంపలేదు అని నాకు నేను సెప్పుకుంటాండా. సెవుటోన్నని ఒప్పుకుంటే ఏం సెప్పుకోవాల? ఇనపడదని తెలిసీ రెండేండ్లు దాసిపెట్టి, ఆడోళ్లు తిరిగే కాడ బండి తోలింది ఎవురు? నేనే గదా. అప్పుడు పార్వతమ్మను సంపింది నిజంగా నేనే ఐతా."

ముద్దాయిలు అబద్ధాలు చెప్తే వెతికి పట్టుకోవడం జ్యోత్స్నకు అలవాటే. నిజం చెప్పి దాన్ని దాచిపెట్టమని బతిమాలే మనిషి ఇంతవరకు ఎదురుపడలేదు.

"కోర్టులో చిన్నప్ప కూసోనుంటాడు" అన్నాడు గిడ్డయ్య. "పార్వతమ్మ మొగుడు. ఆయప్ప ముందర ఆ మాట బయటికొస్తే నేను తలెత్తలేను. నన్ను పగోడనుకోనీ. తిట్టుకోనీ. నువ్వు మాటియ్యి తల్లీ, నా నోట్లోంచి వచ్చింది ఈడనే ఉండాల."

"సారుకు చెప్పక తప్పదన్నా. ఆయనకు తప్ప, నువ్వు ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పను."

గిడ్డయ్య ఆమె పెదవుల మీదనుంచి చూపు తీయలేదు. "ఇంగోసారి సెప్పు. మెల్లగ."

ఆమె మళ్లీ చెప్పింది. ఈసారి ప్రతి మాటనూ విడివిడిగా.

ఆఫీసులో మల్లికార్జున అంతా విని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. యాభై ఏళ్ల మనిషి, కంగారు పడడు. ఆ నిదానం చూస్తే జ్యోత్స్నకు ఒక్కోసారి ఒళ్లు మండుతుంది.

"ఇంత పెద్ద పాయింటు చేతిలో పెట్టి వాడొద్దంటున్నావమ్మా."

"నేను కాదు సార్, ఆయన వద్దంటున్నాడు."

"అయితే వాడకూడదు. జైలుకు పోయేది ఆయన, నిర్ణయమూ ఆయనదే." కాసేపు ఫైలు అటూ ఇటూ తిప్పాడు. "ఆయన నోటి నుంచి కాకుండా బయట ఇంకేమైనా దొరికితే, అది పట్టుకుపోయి మళ్లీ ఆయన్నే అడుగుదాం. జామీను సంతకాలకు వాళ్లావిడ దగ్గరికి ఎట్లాగూ పోవాలి గదా, ఈ రోజే పో. ఒకటి గుర్తు పెట్టుకో. చిన్నప్ప పోలీసుల తరఫు సాక్షి. ఆ గడప మాత్రం తొక్కొద్దు. సాక్షిని తిప్పుకుంటున్నారని మన మీదకే వస్తుంది."

ఎమ్మిగనూరు బస్సులో సీటు దొరికింది కానీ జ్యోత్స్న సగం దూరం నిలబడే ప్రయాణం చేసింది. రోడ్డుకు రెండు పక్కలా చేలల్లో ఆఖరి ఏరుడు పత్తి అక్కడక్కడ తెల్లగా వేలాడుతోంది. కండక్టరు అరుస్తున్నాడు, వెనక సీటులో పసిపిల్ల ఏడుస్తోంది, డ్రైవరు హారను కొడుతున్నాడు. ఇవేవీ లేకుండా ఈ బస్సు ఎట్లా ఉంటుందోనని చెవులు రెండూ అరచేతులతో మూసుకుని చూసింది. పక్కన నిలబడ్డావిడ వింతగా చూస్తే చేతులు దించేసింది.

హంపమ్మ ఎమ్మిగనూరులో మగ్గాల వీధి చివర ఒక గదిలో అద్దెకుంటుంది. నేతవాళ్లకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం ఆమె పని. జ్యోత్స్న పోయేసరికి గడప లోపల రాట్నం ముందు కూర్చుని ఉంది. జామీను కాగితాలు ముందు పెట్టి, ఆయన ఆరోగ్యం గురించి రెండు మాటలు చెప్పి, జ్యోత్స్న జాగ్రత్తగా అడిగింది.

"అక్కా, ముందురోజు పార్వతమ్మతో గొడవ దేనికైంది?"

రాట్నం తిప్పే చెయ్యి ఆగింది. "ఆయన సెప్పలేదా?"

జ్యోత్స్న జామీను కాగితాల అంచులు సరిచేసింది.

"సెప్పడు. ఆయనకు సెవులు రెండూ పోయినాయి తల్లీ. పెండ్లాన్ని గాబట్టి నాకు తెలుసు, పక్కన నిలబడి పని సేసేది గాబట్టి పార్వతమ్మకు తెలుసు. ఇంగెవురికీ తెలీదు. పార్వతమ్మే ఆయనకు సెవులు. బండి ఎనక్కి తీసేటప్పుడు అద్దంలో కనపడేటట్టు నిలబడుకునేది. సెయ్యి పైకెత్తితే రమ్మని, దించితే ఆపమని. రెండేండ్లు అట్లనే జరిపిచ్చింది."

"మరి గొడవ?"

"ఇంగ నా వల్ల గాదు, బండి దిగన్నా అనింది. ఎవురన్నా సచ్చిపోతే ఆ పాపం నాకూ సుట్టుకుంటాదని బయపడింది. ఆదివారం నా కాడికొచ్చి, సెవుల క్యాంపులో డాక్టరు ఈయనకు ఇనపడదని రాసిచ్చిన కాగితం అడిగి తీసుకునిపోయింది. మిల్లు మేస్త్రీకి సూపిచ్చి గేటు కాడ వాచ్‌మన్ పని ఇప్పిస్తానని. ఆ సంగతి ఈయనకు తెలిసి అందురి ముందర తిట్టినాడు. నువ్వు ల్యాకున్నా రేపు నేను సూసుకుంటా అనినాడు. నిన్ను సూసుకుంటా అని గాదు తల్లీ. నేను సూసుకుంటా అని. ఆ మాపటేల పార్వతమ్మే ఫోన్ సేసి ఏడ్సింది, నీ మొగుడు ఇట్లన్నాడక్కా, ఐనా రేపు పొద్దున్నే మేస్త్రీకి సూపిస్తా అని."

"చూపించిందా?"

"తెలీదు. తెల్లారితే ఆమె ల్యాదు."

నూలు దారం ఆమె వేళ్ల మధ్య తెగి ఉంది. అది ముడి వెయ్యాలని కూడా ఆమెకు తోచలేదు. అంతలో జ్యోత్స్న ఫోను మోగింది. మల్లికార్జున.

"ఎక్కడున్నావమ్మా? మిల్లు వాళ్లు గిడ్డయ్యకు వకీలును పెట్టినారు. మధ్యాహ్నం జైలుకు పోయి వకాల్తా మీద సంతకం చేయించుకున్నారు. సోమవారం బెయిలు పిటిషను వాపసు తీసుకుంటారంట. నేరం ఒప్పుకుంటే శిక్ష తగ్గిస్తారని చెప్పినట్టున్నారు. మనం ఇంక ఆ కేసులో లేము."

"ఆయన సరేనన్నాడా సార్?"

"తల ఊపినాడంట."

జ్యోత్స్న కళ్లు మూసుకుంది. గడ్డం ఉన్న వకీలో, ఫైలు చూస్తూ మాట్లాడే వకీలో, గిడ్డయ్యకు ఒక్క ముక్క అర్థమై ఉండదు.

"ఇంకో మాట" అన్నాడు మల్లికార్జున. "కేసు పోయినా, ఆయన మనకు చెప్పింది మన దగ్గరే ఉండాలి. అది మారదు."

ఫోను పెట్టేసి ఉన్నది ఉన్నట్టు హంపమ్మకు చెప్పింది, సబ్‌జైల్లో విన్నది తప్ప. హంపమ్మ అడ్డం పడకుండా విని లేచింది. గోడ మేకుకున్న తాళం తీసుకుంది.

"ఆయన నీ నోరు కట్టేసినాడని నీ మొకం సూస్తేనే తెలుస్తాంది. నా నోరు కట్టలేదు గదా. చిన్నప్ప కాడికి పోతా. ఆ కాగితం ఉంటే ఆడనే ఉండాల."

"నేను ఆ ఇంటికి రాకూడదక్కా."

"నిన్నెవురు రమ్మన్యారు. బస్సులో పక్కన కూసో సాలు."

ఆదోనిలో దిగేసరికి నాలుగు దాటింది. చిన్నప్ప ఉండేది మిల్లు వెనక కూలీల గుడిసెల వీధిలో. వీధి మొదట్లో మూసి ఉన్న సోడా బండి దగ్గర జ్యోత్స్న ఆగిపోయింది. హంపమ్మ చెంగు నడుముకు దోపుకుని ముందుకు పోయింది. నాలుగో ఇంటి ముందు నిలబడి పిలిచింది. సన్నగా, పొడుగ్గా ఒక మనిషి బయటికి వచ్చాడు. ఇద్దరూ మాట్లాడుకోవడం కనిపిస్తోంది, మిల్లు మోతలో ఒక్క మాటా వినిపించడం లేదు. హంపమ్మ చేతులు తిప్పుతూ చెప్తోంది. చిన్నప్ప తల అడ్డంగా ఊపుతున్నాడు. ఒక్కసారి లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అయిపోయింది అనుకుంది జ్యోత్స్న. ఇప్పటికైనా ఇక్కడి నుంచి వెళ్లిపొమ్మని బుద్ధి చెప్తోంది, కాళ్లు కదలడం లేదు. సోడా బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది.

తలుపు మళ్లీ తెరుచుకుంది. చిన్నప్ప చొక్కా తొడుక్కుని వచ్చాడు. హంపమ్మను దాటి నేరుగా జ్యోత్స్న వైపు నడిచాడు.

"నువ్వేనా కోర్టు ఆఫీసు మనిషివి? నా గడప తొక్కగూడదంట గదా నువ్వు. నేనే వచ్చినా."

"అన్నా, నేను నీతో మాట్లాడకూడదు. నువ్వు సాక్షివి."

"నేనే మాట్లాడతా, నువ్వు ఇను." చొక్కా జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "ఆస్పత్రిలో ఆమె బట్టలతో పాటు ఒక కాగితం ఇచ్చినారు. రైకలో మడిసి పెట్టుకునింది. నాకు సదువు రాదు. ఆమెదని దాసుకున్యా. నెల దాటింది, మేస్త్రీ ఒక్కనాడు పలకరించినోడు గాదు. ఈ పొద్దు పదకొండు దాటినాక ఇంటికొచ్చి, నీ పెండ్లాం కాడ ఒక కాగితం ఉండాల చిన్నప్పా, ఇయ్యి అన్నాడు. ల్యాదంటిని. మాపటికల్లా ఎతికి పెట్టు, మల్ల వస్తానన్నాడు. అప్పుడు తెలిసింది, ఇది ఉత్త కాగితం గాదని."

మేస్త్రీకి కాగితం సంగతి తెలుసంటే, పార్వతమ్మ దాన్ని చూపించిందన్న మాట. చూపించిన తర్వాత కూడా ఆ పొద్దున గిడ్డయ్యను ఎవరో బండి ఎక్కించారన్న మాట. నెల తర్వాత ఈ రోజే ఎందుకు అడిగాడా అనుకుంటే, పొద్దున బిగిసిన గోవిందన్న మెడ జ్యోత్స్నకు గుర్తొచ్చింది.

"ఈయమ్మ ఏందేందో సెప్తాంది" అన్నాడు చిన్నప్ప, వెనక నిలబడ్డ హంపమ్మ వైపు చూడకుండా. "మొగుని కోసం ఏమన్నా సెప్తాది. నేను నమ్మను. నువ్వు జైల్లో ఆయప్పకు ఎదురుగ్గా కూసున్యావు. నీకు ఆయప్ప సుట్టం గాదు, నేను సుట్టం గాదు. నువ్వు సెప్పు. ఆ పొద్దు నా పెండ్లాం అరిసింది. ఆయప్ప ఇనలేదా, ఇనపడలేదా? ఈ ఒక్కటి తెలీక నాకు కూడు దిగడం ల్యాదు తల్లీ. సెప్తే కాగితం నీ సేతికిస్తా."

ఒక్క మాట. ఆ మాట చెప్తే చేతిలోకి వచ్చేది గిడ్డయ్య ప్రాణం. ఆ మాట చెప్పనని పొద్దున ప్రతి అక్షరం విడదీసి మరీ అతనికి మాట ఇచ్చింది. అందరికంటే ముందు ఈ మనిషికే తెలియకూడదని అతను బతిమాలాడు. హంపమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది. చిన్నప్ప కళ్లలో కోపం లేదు. అది ఉన్నా బాగుండేది అనిపించింది జ్యోత్స్నకు.

"నేను చెప్పకూడదన్నా" అంది చివరికి.

చిన్నప్ప చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. వేలిముద్ర వేసేముందు కాగితాన్ని చూసినట్టు చూశాడు. తర్వాత అతని భుజాలు కిందికి వాలాయి.

"సెప్పగూడదు అంటే, సెప్పేది ఉందని గదా."

జ్యోత్స్న మాట తప్పలేదు, అయినా మాట నిలబడలేదు. చిన్నప్ప మెల్లగా జేబులో చెయ్యి పెట్టి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. మడతల దగ్గర గోధుమ రంగు మరక ఎండిపోయి ఉంది. అతను చెయ్యి చాపాడు. ఆమె చెయ్యి ఎప్పుడు ముందుకు పోయిందో ఆమెకే తెలియదు. వేళ్లు కాగితం అంచుకు తగిలాయి, అతని వేళ్లు ఇంకా వదల్లేదు.

వాళ్ల వెనక మోటారుసైకిలు వచ్చి ఆగింది. ఇంజను ఆఫ్ అయింది.

"ఏం చిన్నప్పా" అన్నాడు మిల్లు మేస్త్రీ, స్టాండు వేస్తూ. "దొరికినట్టుందే."